ఇంట్లోవాళ్ళు పిచ్చి అన్నారు, పెద్దలు దయ్యం అన్నారు: ఏం చేయాలి?

ఈ ఎపిసోడ్ మా సొంతూరు బనగానపల్లె నుంచే.

ఈరోజు మాట్లాడబోయేది చాలామంది నన్ను అడుగుతున్న విషయమే. "అన్నా, నేను యేసును నమ్ముకున్నా. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?" ఒకమ్మాయికి ఫోన్ లాక్కున్నారు. ఒకబ్బాయికి సెమిస్టర్ ఫీజు కట్టమని చెప్పేశారు. ఇంకొకబ్బాయిది వేరే కథ. వాళ్ళింట్లో మూడు తరాలుగా అందరూ క్రైస్తవులే. వాడు ఇంకో సంఘానికి పోయి నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడని తాత మాట్లాడడం మానేశాడు. ప్రశ్న ఒకటే లాగుంది కానీ ముగ్గురిదీ ఒకటే సమస్య కాదు. అందుకే "ప్రార్థన చేయి తమ్ముడూ, అంతా మంచే జరుగుతుంది" అని ఒక్క లైన్‌లో రిప్లై పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ముందు బైబిల్‌లోకి పోదాం. మార్కు సువార్త 3వ అధ్యాయం, 20వ వచనం నుంచి. ఫోన్‌లో తెరిచి మీరే చదువుకోండి, నేను నా మాటల్లో చెప్తా. యేసు ఒక ఇంట్లో ఉన్నాడు. జనం ఎంత కిక్కిరిసిపోయారంటే అన్నం తినడానికి కూడా తీరిక లేదు. ఈ సంగతి ఆయన ఇంటివాళ్ళకు తెలిసింది. వీడికి మతి చలించింది, పట్టుకొచ్చేద్దాం అని బయల్దేరారు. అదే సమయంలో యెరూషలేము నుంచి శాస్త్రులు వచ్చారు. వీళ్ళు చదువుకున్నవాళ్ళు, మతంలో అధికారం ఉన్నవాళ్ళు. వీళ్ళేమన్నారు? ఇతనికి బయెల్జెబూలు పట్టింది, దయ్యాల నాయకుడి సాయంతోనే దయ్యాలను వెళ్ళగొడుతున్నాడు అన్నారు.

చూడండి, ఇంటివాళ్ళు పిచ్చి అన్నారు, పెద్దలు దయ్యం అన్నారు. పైకి రెండూ నిందలే. కానీ యేసు రెండింటికీ ఒకే జవాబు ఇవ్వలేదు. శాస్త్రులను దగ్గరికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, తర్కంతో మాట్లాడాడు. సాతాను సాతానును ఎట్లా తరుముతాడు, తనలో తాను చీలిపోయిన ఇల్లు నిలబడుతుందా అని అడిగాడు. గట్టిగా హెచ్చరించాడు కూడా. ఇంటివాళ్ళ మీద మాత్రం ఆ హెచ్చరిక లేదు. తల్లి, తమ్ముళ్ళు వచ్చి ఇంటి బయట నిలబడి కబురు పంపారు. దేవుని చిత్తం చేసేవాళ్ళే నా తల్లి, నా సోదరులు అని ఆయన లోపలున్న వాళ్ళతో అన్నాడు. ఆయన వెనక్కి తగ్గలేదు, వాళ్ళను తిట్టనూ లేదు.

ఈ భాగం మీద మనం చాలా ప్రసంగాలు విన్నాం. లోపల కూర్చున్న వాళ్ళ గురించే చెప్తారు. బయట నిలబడ్డ మరియమ్మ గురించి ఎవరైనా చెప్పగా విన్నారా? కొడుకు తిండి తినడం లేదని విని వచ్చింది. లోపలికి పోవడానికి సందు లేదు. లోపల నుంచి ఎవరో వచ్చి ఆయనేమన్నాడో ఆమెకు చెప్పే ఉంటారు కదా. ఆమెకు ఎట్లా అనిపించి ఉంటుంది?

నాకు ఈ ఆలోచన బైబిల్ కాలేజీలో రాలేదు. మా నాయన వల్ల వచ్చింది.

నేను వడ్రంగి కొడుకును. మాది విశ్వబ్రాహ్మణుల ఇల్లు. బనగానపల్లెలో విశ్వబ్రాహ్మణుల ఇల్లంటే ఏమిటో బయటివాళ్ళకు కొంచెం చెప్పాలి. మామిడిపండు వల్ల మా ఊరి పేరు దేశమంతా తెలుసు. 1948 దాకా ఇది నవాబుల సంస్థానం. కానీ మా ఇళ్ళల్లో ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చేది మామిడీ కాదు, నవాబూ కాదు, పోతులూరి వీరబ్రహ్మేంద్ర స్వామి. ఆయన ఇక్కడే గరిమిరెడ్డి అచ్చమ్మ గారింట్లో పశువులు కాసినాడని, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాసినాడని మా వాళ్ళు చెప్పుకుంటారు. చిన్నప్పుడు మా జేజి నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని చెప్పిన కథలన్నీ ఆయనవే. మా నాయన పని మొదలుపెట్టే ముందు ఉలికి దండం పెట్టుకుని బ్రహ్మంగారిని తలుచుకుంటాడు. ఇప్పటికీ అంతే. అట్లాంటి ఇంట్లో నేను ఒక్కడే మగపిల్లోణ్ణి.

డిగ్రీ రెండో సంవత్సరంలో, కర్నూలు హాస్టల్‌లో, రూమ్మేట్ దగ్గర కొత్త నిబంధన తీసుకుని చదివినా. నన్ను ఎవరూ డబ్బిచ్చి పిలవలేదు. వరుసగా నాలుగు సువార్తలు చదివినా, ఆ మనిషిని వదల్లేకపోయినా. అంతే. సంక్రాంతి సెలవులకు వచ్చి ఇంట్లో చెప్పినా.

మా అమ్మ ఏడ్చింది. మా నాయన ఏమీ అనలేదు, లేచి పనిలోకి పోయినాడు. మూడు దినాలు నాతో మాట్లాడలేదు. నాలుగో దినం బంధువుల్లో పెద్దవాళ్ళు నలుగురు వచ్చినారు. "ఎంత ఇచ్చినార్రా నీకు?" అన్నాడు ఒకాయన. "స్వామి తిరిగిన నేల మీద పుట్టి ఇదేం బుద్ధి?" అన్నాడు ఇంకొకాయన. ఇంకో పెద్దమ్మ తేల్చేసింది: "వానికి ఎవురో మందు పెట్టినారు."

మన సీమలో మందు పెట్టడమంటే మీకు తెలుసు. తినే దాంట్లో ఏదో కలిపి మనిషిని తమ వైపు తిప్పుకున్నారని నమ్మకం. దాన్ని కక్కించేవాళ్ళు వేరే ఉంటారు. మా అమ్మ నన్ను అట్లాంటి మనిషి దగ్గరికి బస్సెక్కించుకుని తీసుకుపోయింది. నేను పోయినా. ఆకు పసరు తాగించినారు, కడుపులో ఉండేదంతా కక్కినా. వచ్చిన దాంట్లో ఏదో నల్లగా చూపించి, ఇదే మందు అన్నారు. మా అమ్మ ముఖం ఎంత వెలిగిపోయిందో! రెండు దినాలు సంతోషంగా ఉండింది, అలసందల వడలు చేసి పెట్టింది. మూడో దినం నేను మళ్ళీ బైబిల్ తెరిచేసరికి తలుపు దగ్గర నిలబడి చూసి, ఏం మాట్లాడకుండా లోపలికి పోయింది.

"అన్నా, ఆ పసరు తాగడమేంది, అది మూఢనమ్మకం కదా, ఎదిరించాలి కదా" అని కొందరు అడిగినారు. మూఢనమ్మకమే. ఎవరైనా మీకు ఏదైనా తాగిస్తామంటే ఒప్పుకోమని కూడా నేను చెప్పడం లేదు, అది ప్రమాదం. నేను చెప్తున్నది మా అమ్మ గురించి. పెద్దలు "అమ్ముడుపోయినాడు" అన్నప్పుడు వాళ్ళు నన్ను ఒక మోసగాడిలా చూసినారు. మా అమ్మ "మందు పెట్టినారు" అన్నప్పుడు నా కొడుకు మంచోడే, ఎవరో వాణ్ణి పాడుచేసినారు అని నమ్ముతోంది. ఆమె నా పక్షానే ఉంది, తనకు తెలిసిన భాషలో. ఈ తేడా పట్టుకోకపోతే ఇంట్లో ప్రతి మాటా మనకు శత్రువు మాటలాగే వినిపిస్తుంది.

ఇంక మా నాయన. మాట్లాడడం మొదలుపెట్టినాక ఒకరోజు నేను తెలివిగా ఒక ప్రశ్న వేసినా. "నాయనా, సిద్ధయ్య కథ నువ్వే కదా నాకు చెప్పింది. సిద్ధయ్య దూదేకుల ఇంట్లో పుట్టినాడు. ఇంట్లోవాళ్ళు వద్దన్నా బ్రహ్మంగారి దగ్గరికి వచ్చినాడు. వాళ్ళ నాయన పోయి కడప నవాబుకు ఫిర్యాదు చేసినా వెనక్కి పోలేదు. ఆయన్ను నువ్వు పూజిస్తావు. మరి నేను చేస్తే తప్పా?" నాకు చాలా గట్టి పాయింట్ అనిపించింది. నాయన చిత్రిక పట్టడం ఆపి, చేతికంటిన పొట్టు దులుపుకుంటూ అన్నాడు: "సిద్ధయ్య మీద పాటలుండాయి. సిద్ధయ్యను కన్న నాయన ఎంత ఏడ్చినాడో ఎవురూ పాడలేదు లేరా."

నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి నేను ఏ సాక్ష్యం విన్నా, బయట నిలబడ్డ ఆ మనిషి కోసం వెతుకుతున్నా. బక్త్ సింగ్ గారి సాక్ష్యమే తీసుకోండి. హైదరాబాద్ హెబ్రోను వల్ల ఆయన పేరు తెలుగు విశ్వాసులందరికీ తెలుసు. మన సీమలో కూడా ఆయన సహవాసాలు ఎన్నో ఉన్నాయి. 1903లో పంజాబ్‌లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న వైపు, పుట్టారు. సిక్కుల ఇల్లు. చదివింది మిషన్ స్కూల్లో అయినా, అక్కడ ఇచ్చిన బైబిల్‌ను చించేసి అట్ట బాగుందని అది మాత్రం ఉంచుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. పై చదువులకు ఇంగ్లండ్ పోతానన్నప్పుడు తల్లి ఒక్క మాట తీసుకుంది: మతం మారకూడదు. ఈయన మాట ఇచ్చి ఓడెక్కారు.

ఇంగ్లండ్ నుంచి కెనడా, విన్నిపెగ్‌లో వ్యవసాయ ఇంజనీరింగ్. 1929 చివర్లో అక్కడ కొత్త నిబంధన చదివి యేసును నమ్ముకున్నారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం. 1933 ఏప్రిల్‌లో బొంబాయిలో ఓడ దిగారు. అమ్మానాన్న అంత దూరం నుంచి కొడుకును చూడడానికి వచ్చారు. కోపంగా కాదు, ఒక బేరంతో వచ్చారు. బైబిల్ చదువుకో, ప్రార్థన చేసుకో, కానీ ఎవరికీ చెప్పొద్దు, మన ఇంటి పరువు కాపాడు అన్నారు. ఊపిరి తీసుకోకుండా ఎవరైనా బతకగలరా అన్నట్టుగా ఈయన కాదన్నారు. వాళ్ళు ఆయన్ను బొంబాయిలోనే వదిలి వెళ్ళిపోయారు.

అక్కడి నుంచి కథ ఎటు పోతుందో మీకు తెలుసు. వీధుల్లో ప్రకటించడం, ఉత్తరాదిలో ఉజ్జీవం, తర్వాత మద్రాసు. కానీ ఆ తల్లిదండ్రుల తిరుగు ప్రయాణం గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. కొడుకు మాట తప్పాడు. వాళ్ళకు అర్థమైనంత వరకు అది మాట తప్పడమే. ఆయన చేసింది తప్పు అని నేను అనడం లేదు. ఆయన స్థానంలో అబద్ధం చెప్పి ఆ ఇంటికి పోయి ఉంటే, మన దగ్గర ఇన్ని సహవాసాలు ఉండేవి కావు. నేను చెప్తున్నది వేరే. ఆ సాక్ష్యాన్ని మనం స్టేజీ మీద "హల్లెలూయా, తల్లిదండ్రులను కూడా వదిలేశాడు" అని చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన వదల్లేదండి. వాళ్ళు వదిలారు. చాలా తేడా ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. బక్త్ సింగ్ గారికి అప్పుడు దాదాపు ముప్పై ఏళ్ళు. చేతిలో ఇంజనీరింగ్ చదువు ఉంది. నీకు పంతొమ్మిది, నీ హాస్టల్ ఫీజు మీ నాన్న కడుతున్నాడు. ఆయన కథ విని ఆవేశపడి, ఈ రాత్రికే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేసి బ్యాగు సర్దుకోవద్దు. "మరి దాచడం యేసును కాదనడం కాదా?" అని కొందరు ప్రసంగీకులు భయపెడతారు. వాళ్ళు యోహాను 19వ అధ్యాయం చివర ఇంకోసారి చదవాలి. అరిమతయియ యోసేపు భయం వల్ల రహస్యంగా శిష్యుడయ్యాడని అక్కడే రాసుంది. నీకొదేము రాత్రిపూట వచ్చినవాడే. బహిరంగ శిష్యుల్లో చాలామంది పారిపోయినరోజు, యేసు శరీరాన్ని అడిగి తెచ్చుకుని సమాధి చేసింది ఈ రహస్య శిష్యులే. సమయం వచ్చినప్పుడు వాళ్ళు దాక్కోలేదు. ఆ సమయం ఎప్పుడో మీరు నిర్ణయించుకోవాలి, మైక్ పట్టుకున్న ఇంకొకరు కాదు. అడిగితే అబద్ధం చెప్పొద్దు. అడగకముందే ప్రకటన చేయాల్సిన పని లేదు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోయినా పర్వాలేదు.

సరే, ఇంటి సంగతి ఇదయితే, మత పెద్దల సంగతి ఇంకోటి. పెద్దలంటే మఠం వైపు పెద్దలే అనుకుంటున్నారా? నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మన వైపు పెద్దే.

మా జేజి చనిపోయింది. నాకు కథలు చెప్పిన జేజి. మా ఇళ్ళల్లో కాల్చడం కాదు, పూడ్చడమే. నేను పాడె మోసినా. గుంతలో మన్ను వేసినా. పిండం దగ్గర నేను కూర్చోలేను అని నాయనకు ముందే చెప్పినా, మా చిన్నాయన కొడుకు కూర్చున్నాడు. పెద్దకర్మ రోజు వచ్చినవాళ్ళందరికీ విస్తర్లు వేసి వడ్డించినా, ఎంగిలాకులు ఎత్తినా. నాకు తెలిసినంతలో అది జేజికి నేను చేయగలిగిన గౌరవం.

తర్వాతి ఆదివారం, నేను పోయే సంఘం పాస్టరు గారు అందరి ముందూ చనిపోయినవాళ్ళ సంగతి చనిపోయినవాళ్ళకు వదలమని యేసు చెప్పిన భాగం చదివి, నా పేరు చెప్పకుండానే నన్ను గురించి మాట్లాడినారు. విగ్రహారాధికుల కర్మలో పాలుపంచుకున్నందుకు మూడు నెలలు కీబోర్డు వాయించొద్దు అన్నారు. అంటే ఆ వారంలోనే మా బంధువులు "జేజికి పిండం పెట్టని మనవడు" అన్నారు, సంఘం "పాడె మోసిన విశ్వాసి" అంది. రెండు వైపులా తిట్లు ఒకే మనిషికి. నవ్వొస్తుంది ఇప్పుడు, అప్పుడు రాలేదు.

నేను ఆయన ఇంటికి పోయి, కూర్చుని మాట్లాడినా. శాస్త్రులతో యేసు మాట్లాడినట్టు అని చెప్పుకునేంత గొప్పవాణ్ణి కాదు గానీ, వాక్యం పట్టుకుని అడిగినా. 2 రాజులు 5వ అధ్యాయంలో నయమాను ఉన్నాడు కదా. సిరియా సైన్యాధిపతి, కుష్ఠు నయమై ఇశ్రాయేలు దేవుణ్ణి నమ్ముకున్నాడు. పోతూపోతూ ఎలీషాను ఒకటి అడిగాడు. మా రాజు రిమ్మోను గుడిలోకి పోయేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఆ ఒక్క విషయంలో దేవుడు క్షమిస్తాడా అని. ఎలీషా చెడామడా తిట్టలేదు. సమాధానంగా వెళ్ళు అన్నాడు. మరి మా నాయన తల్లి పాడె బరువు నా భుజం మీద ఆనితే దేవునికి కోపమొస్తుందా?

రెండోది, మార్కు 7వ అధ్యాయం. కొర్బాను అని ఒక ఆచారం. అమ్మానాన్నలకు ఇవ్వాల్సింది దేవునికి ఇచ్చేశానని చెప్పి చేతులు దులుపుకోవడం. దీన్ని సమర్థించిన మత పెద్దలను యేసు గట్టిగా తప్పుపట్టాడు. దేవుని పేరు చెప్పి తల్లిదండ్రులను వదిలించుకునే భక్తి ఆయనకు పనికిరాదు. సిలువ మీద ఊపిరి ఆడని స్థితిలో కూడా తల్లిని శిష్యుడికి అప్పగించాడు. ఆ రోజు ఇంటి బయట నిలబడిన తల్లినే.

పాస్టరు గారు ఒప్పుకోలేదు. "నువ్వు లోకంతో రాజీ పడుతున్నావు తమ్ముడూ" అన్నారు. మూడు నెలలు నేను కీబోర్డు ముట్టుకోలేదు, వెనక వరసలో కూర్చుని పాడినా. ఇప్పటికీ ఎదురుపడితే వందనాలు చెప్పుకుంటాం. ఆ విషయంలో మాత్రం ఆయన ఆయనే, నేను నేనే.

ఇది మన కాలంలో మొదలైంది కాదు. బక్త్ సింగ్ గారికే చూడండి, మద్రాసులో జనం ఆయన కూటాలకు విరగబడి వస్తుంటే కొన్ని సంఘాల పెద్దలకు నచ్చలేదు, తలుపులు మూసుకున్నాయి. 1941లో పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థన చేసి, తర్వాత యెహోవా షమ్మా అనే సహవాసం మొదలుపెట్టారు. మన పక్కన నంద్యాలనే తీసుకోండి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకా కొన్ని సంఘాలు ఒకటైన రోజు. మన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది మేం చేరం అన్నారు. 1975లో గానీ కలవలేదు. దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ రెండు వైపులా ఉన్నవాళ్ళు ఒకే బైబిల్ చదివారు, ఒకే కీర్తనలు పాడారు. కాబట్టి తాత మాట్లాడడం లేదని చెప్పిన తమ్ముడూ, మీ తాతకు ఆ గుడి అంటే నాలుగు గోడలు కాదు. బహుశా వాళ్ళ నాయన తట్టలో రాళ్ళు మోసిన గుడి అది. ఊర్లో ఎక్కడా తలెత్తుకోనివ్వని రోజుల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టిన చోటు. నువ్వు రెండోసారి బాప్తిస్మం తీసుకున్నావంటే, ఆయనకు "నువ్వు నాకిచ్చింది చెల్లదు తాతా" అన్నట్టు వినిపించింది. నీకు అట్లా చెప్పే ఉద్దేశం లేదని నాకు తెలుసు. ఆ మాట ఆయనకు చెప్పినావా? ఆయన పక్కన ఒక ఆదివారం ఆ గుడిలో కూర్చో. కొత్త సంఘం వాళ్ళు వద్దంటే, ఎందుకు వద్దో అడుగు.

ఇంకొంచెం ప్రాక్టికల్ సంగతులు. ఇంట్లో బెదిరింపులు ఎక్కువగా రెండు విషయాల మీద ఉంటాయి, ఆస్తి, సర్టిఫికెట్. "మతం మారితే ఆస్తిలో చిల్లిగవ్వ రాదు" అంటారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మతం మారినంత మాత్రాన మారిన మనిషి వాటా పోదు. 26వ సెక్షన్ చెప్పేది మారిన తర్వాత పుట్టిన పిల్లల గురించి. అయితే నాయన సొంతంగా సంపాదించింది ఎవరికైనా వీలునామా రాసుకోవచ్చు, అది ఆయన ఇష్టం. కోర్టుకు పొమ్మని చెప్పడం లేదు, భయంలో నిజమెంతో తెలుసుకోమంటున్నా.

సర్టిఫికెట్ విషయంలో మాత్రం అమ్మానాన్నల భయం ఉత్తది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవులైతే మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. నా స్నేహితుల్లో చాలామందికి కాగితం మీద ఒక పేరు, సంఘంలో ఇంకో పేరు ఎందుకుందో మీకు తెలుసు. దాన్ని వేళాకోళం చేసేవాళ్ళు ఆ స్కాలర్‌షిప్ లేకుండా చదవాల్సిన అవసరం ఎప్పుడూ రానివాళ్ళు. ఇంట్లో అమ్మ "నీ చదువు ఏమైపోతుందిరా" అంటే అది సాతాను మాట కాదు. ఆమెకు లెక్క తెలుసు.

కొన్నిసార్లు ఇంట్లోవాళ్ళు మనల్ని అపార్థం చేసుకోరు, సరిగ్గానే అర్థం చేసుకుంటారు. "ఆ సంఘం వాళ్ళు నీ మొదటి జీతం మొత్తం అడిగినారంట", "షుగర్ మాత్రలు మానేయమన్నారంట" అని మీ అక్క అంటే, అది హింస కాదు, అక్క కళ్ళు తెరుచుకుని ఉంది. మందులు మానేయమన్న ఏ సేవకుడి మాటా వినొద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇంకోటి. కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, బలవంతంగా పెళ్ళి చేయడం, వీటిని ఓర్చుకోమని నేను ఎవరికీ చెప్పను. వాళ్ళ భయాన్ని అర్థం చేసుకో అన్నానంటే దెబ్బలు తినమని కాదు. 112కు ఫోన్ చేయొచ్చు. ఆడపిల్లలకు 181 ఉంది. నమ్మకస్తులైన పిన్నమ్మో, లెక్చరరో ఒకరికైనా ముందే చెప్పి పెట్టుకోండి. ఫోన్ లాక్కుంటారని అనిపిస్తే రెండు నంబర్లు కంఠస్థం చేయండి. మన జనరేషన్‌కు మన నంబరే గుర్తుండదు.

మా ఇంట్లో ఏమైందని అడుగుతారు. ఏం కాలేదు. మా నాయన మారలేదు, నేనూ మారలేదు. యేసు తమ్ముడు యాకోబు మొదట నమ్మలేదు, తర్వాత యెరూషలేము సంఘానికే పెద్దయ్యాడు. మా ఇంట్లో కూడా అట్లా అవుతుందని ఆశ ఉంది. కానీ ఆ ఆశను నాయన మీద బరువుగా పెట్టను. వైశాఖంలో బ్రహ్మంగారి మఠంలో ఆరాధన ఉత్సవాలు జరుగుతాయి. నాయనకు మోకాళ్ళ నొప్పులు, ఒక్కడే పోలేడు. నేనే తీసుకుపోతా. ఆయన లోపలికి పోతాడు, నేను బయట చెప్పుల దగ్గర కూర్చుంటా. దర్శనం అయ్యేసరికి రెండు మూడు గంటలు పడుతుంది. అవును, బయట నిలబడడం నాకు కూడా అలవాటైంది.

పోయినసారి అక్కడి నుంచి తిరిగొస్తుంటే బస్సులో అడిగినాడు. "రేపు నేను పోతే మొదటి పిడికెడు మన్ను నువ్వేస్తావా, లేకుంటే మీ పాస్టరు వద్దంటాడా?"

"నేనే వేస్తా నాయనా" అన్నా. "మంత్రాలు నేను చెప్పను. మన్ను మాత్రం నేనే వేస్తా."

"మంత్రాలు చెప్పేదానికి మనుషులుండార్లే" అన్నాడు. మైదుకూరు దాటేసరికి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయినాడు.

సరే, చాలాసేపు మాట్లాడినా. వచ్చే ఎపిసోడ్ పెళ్ళి సంబంధాల గురించి. ఇంట్లోవాళ్ళు చూసిన సంబంధం, సంఘంవాళ్ళు చూసిన సంబంధం, ఇద్దరూ చూడని సంబంధం, మూడింటి గురించీ మాట్లాడుకుందాం. ప్రశ్నలుంటే పంపండి. ఫోన్ మీ చేతిలో లేకపోతే ఫ్రెండ్ ఫోన్ నుంచి పంపండి, మీ పేరు చెప్పను.